హీటర్ ప్లగ్ నెత్తిన కుంకుమ బొట్టు

నేను ఒక వేలెడంత ఇనుప కడ్డీని. నన్ను హీటర్ ప్లగ్ అంటారు. డీజిలు బండి ఇంజన్‌లో, గొట్టాల సందున, తల మాత్రం బయటపెట్టి ఒళ్లంతా లోపల దాచుకుని బతుకుతాను. పెట్రోలు బండిలో నిప్పురవ్వ విసిరే ప్లగ్ ఒకటి ఉంటుంది, దాని పేరు అందరికీ తెలుసు. నేను రవ్వ విసరను. డీజిలు ఇంజన్ తనలోని గాలిని గట్టిగా నొక్కి, ఆ నొక్కుడుకి పుట్టిన వేడితోనే డీజిలును అంటించుకుంటుంది. చలికాలం పొద్దున్నే ఇంజన్ ఇనుమంతా మంచుగడ్డలా ఉంటుంది కనక ఎంత నొక్కినా గాలికి ఆ వేడి రాదు. అప్పుడు నేను కావాలి. డ్రైవరు తాళం సగం తిప్పగానే బ్యాటరీ నుంచి కరెంటు నా నెత్తి మీదికి దిగుతుంది. లోపల నా కొస ఎర్రగా కాలుతుంది. డ్రైవరు కళ్లముందు ఒక చిన్న పసుపు దీపం వెలుగుతుంది. అది ఆరేదాకా ఆగి తాళం పూర్తిగా తిప్పితే ఇంజన్ ఒక్క ఊపున లేస్తుంది. ఆ తరవాత రోజంతా నాతో ఎవరికీ పని ఉండదు. దీపం వెలిగించాక అగ్గిపుల్ల ఎటు పోయిందో ఎవరు చూస్తారు?

ఎక్కడో పెద్ద ఊళ్లో, పెద్ద ఫ్యాక్టరీలో పుట్టాను. నాలాంటివాళ్లు అక్కడ బుట్టలకొద్దీ ఉన్నారు. చివర్లో ఒక చీకటి గదిలో ఒకావిడ మమ్మల్ని ఒక్కొక్కరినే కరెంటుకి తగిలించి చూసేది. ఎర్రబడితే కుడివైపు బుట్ట, ఎర్రబడకపోతే ఎడమవైపు బుట్ట. నేను ఎర్రబడ్డాను. ఆవిడ ఆవులిస్తూ నన్ను కుడివైపు వేసింది. నా జీవితానికి దొరికిన మొదటి ఆశీర్వాదం ఆ ఆవులింతే.

అట్టపెట్టెలో నర్సీపట్నం చేరాను. అక్కడ పెంటారావు అనే మెకానిక్ నన్ను, మరో ముగ్గురిని కలిపి ఒక తెల్ల బండికి బిగించాడు. ఆ నలుగురిలో నేను మొదటివాణ్ణి. బ్యాటరీ నుంచి వచ్చే తీగ నా నెత్తి మీదే దిగుతుంది. అక్కడినుంచి ఒక సన్నటి రాగి పట్టీ మీదుగా కరెంటు మిగతా ముగ్గురికీ వెళ్తుంది. తీగనీ పట్టీనీ కలిపి నా నెత్తిన ఒక నట్టుతో బిగిస్తారు. ఇంటికి పెద్దకొడుకు లాంటి స్థానం. నేను మునిగితే అందరూ మునుగుతారన్న సంగతి అప్పుడు తట్టలేదు. ముందు నేనే కదా అని మురిసిపోయాను.

ఆ బండి పరదేశినాయుడిగారిది. చింతపల్లి కొండల్లో కొత్తబంద అనే ఊళ్లో ఆయనకి కిరాణా కొట్టుంది, కొట్టు పక్కనే ఇల్లు. బండిని అద్దెకి తిప్పుతారు. పెళ్లివాళ్లు, పురిటివాళ్లు, ఆస్పత్రికి పోయేవాళ్లు, కాఫీ గింజల బస్తాలు, అన్నీ అందులోనే. కార్తీకం దాటిందంటే ఆ ఊరు మంచులో మునిగిపోతుంది. పొద్దున్నే రెండిళ్ల అవతల మనిషి కనబడడు, దగ్గు మాత్రం వినబడుతుంది. అలాంటి ఊళ్లో డీజిలు బండికి నాలాంటివాడు ఎంత అవసరమో వేరే చెప్పనక్కర్లేదు.

నాయుడుగారు దైవభక్తి ఉన్న మనిషి. భక్తి అంటే నలుగురికీ కనబడాలని చేసేది కాదు. స్నానం చేసి దేవుడి ముందు కూచుంటే కొట్లోకి ఎవరొచ్చి పిలిచినా లేవరు. బండి కొన్న మొదటి శుక్రవారం స్టీరింగుకీ, టైర్లకీ, ముందు రేకుకీ బొట్లు పెట్టారు. పెట్టాక ఆయనకి ఒక ఆలోచన వచ్చింది.

"ఇదేటే, రేకుకి మొక్కుతున్నాం? బండిని నడిపించేది లోపలుంది కదా" అన్నారు భార్య అచ్చియ్యమ్మగారితో.

ఆ మాటలో తప్పేముంది? పైపై పూజ కాకుండా లోపలిదానికి మొక్కాలనుకోవడం మంచి ఆలోచనే. ఆయన బానెట్ ఎత్తారు. లోపల గొట్టాలు, తీగలు, నూనె మరకలు. ఆ సందులో చెయ్యి పట్టేంత చోట, నట్టు బిగించుకుని నిటారుగా నిలబడ్డ నా నెత్తి ఆయన కంటపడింది.

"సిన్న శివలింగంలాగున్నాది సూడు" అన్నారు.

ఇంకేముంది, నాకు అభిషేకం మొదలైంది. ప్రతి శుక్రవారం పొద్దున్నే తడి పసుపు రాసి, దాని మీద కుంకుమ బొట్టు పెట్టి, కొట్టిన కొబ్బరికాయ నీళ్లు ఆకుతో ముమ్మారు చిలకరించేవారు. ఇంజన్‌లో అన్ని భాగాలూ నూనె కంపులో పడి ఉంటే నేను ఒక్కణ్ణీ దేవుణ్ణయిపోయాను. పక్కనున్న ముగ్గురివైపూ కాస్త జాలిగా చూసేవాణ్ణి కూడా. కొబ్బరినీళ్లు ఇంజన్ వేడికి ఆరిపోయేవి. ఆరినచోట ఏం మిగులుతోందో నాకే పట్టలేదు, ఇంక ఆయనకేం పడుతుంది?

బండి నడిపేది కొర్రా దాసు. పక్క కొండమీది పల్లెవాడు. దాసుకి ఇంజన్ మనసు తెలుసని నేననను, ఓపిక మాత్రం తెలుసు. పొద్దున్నే తాళం సగం తిప్పి, అరచేతులు రెండూ చంకల్లో పెట్టుకుని, పసుపు దీపం ఆరేదాకా దాన్నే చూస్తూ కూచునేవాడు. కొందరు డ్రైవర్లుంటారు, దీపం ఎందుకు వెలిగిందో కూడా కనుక్కోరు. దాసు అలాంటివాడు కాదు.

శుక్రవారం ఊళ్లో సంత. దిగువ నుంచి బస్సులో చిన్నాలమ్మ అనే ముసలావిడ నెత్తళ్లు, అంటే సన్నటి ఎండుచేపలు, గంపలో పెట్టుకుని వచ్చేది. సంతలో అమ్మగా మిగిలినవి ఘాటీ పైనున్న పల్లెలో అమ్ముకుని, అక్కడే ఉన్న చెల్లెలింట్లో పడుకునేది. సాయంత్రం అటు బస్సు లేదు. దాసు అదేవేళకి ఖాళీ బండితో అటు వెళ్తుంటే ఆవిణ్ణి ఎక్కించుకునేవాడు. ఆవిడ డబ్బులిస్తానంటే "నీ నెత్తళ్లు నువ్వే తిను, నీ డబ్బులు నువ్వే ఉంచుకో" అనేవాడు. ఆవిడ దారి పొడుగునా అతన్ని తిడుతూ కూచునేది. బండి మెల్లిగా నడుపుతున్నాడని కొన్నాళ్లు, వేగంగా నడుపుతున్నాడని కొన్నాళ్లు. ఆ తిట్లు నాకు ఇంజన్ చప్పుడులోంచి కూడా వినబడేవి.

మొదటి చలికాలం బాగానే గడిచింది. రెండో చలికాలం దగ్గు పట్టుకుంది.

దీపం ఆరాక దాసు తాళం తిప్పితే ఇంజన్ లేచినట్టే లేచి ఒక పక్కకి వణికేది. డీజిలు మండే నాలుగు గదుల్లో ఒకటి అంటుకుంటే మూడు అంటుకునేవి కావు. వెనక గొట్టంలోంచి తడి కట్టెల పొయ్యిలా తెల్లటి పొగ, కళ్లు మండే కంపు. బండి అద్దాలతో సహా గడగడలాడేది. కాసేపటికి ఇంజన్ తన వేడికి తనే సర్దుకుని నున్నగా మోగేది. ఎండెక్కాక ఎన్నిసార్లు ఆపి తిప్పినా ఏ పేచీ లేదు. పొద్దుటి మొదటి లేపుడే ఒక యుద్ధం.

"ఒరే దాసూ, ఏట్రా ఆ దగ్గు?" అని కొట్లోంచి అరిచేవారు నాయుడుగారు.

"సలి బాబూ."

"నిరుడు సలి నేదేట్రా?"

దాసు మళ్లీ తాళం తిప్పాడు. జవాబు నా దగ్గర ఉంది, కాని నాకు నోరు లేదు.

ముందు బ్యాటరీ మార్చారు. ఇంజన్ ఇదివరకటికంటే జోరుగా తిరిగి, ఇదివరకటిలాగే దగ్గింది. డీజిలులో నీళ్లున్నాయని అనుమానించి ట్యాంకు అడుగున ఉన్న డీజిలు తీసేశారు, ఫిల్టరు మార్చారు. దగ్గు పోలేదు. చివరికి పెంటారావు మెకానిక్ కొండెక్కి వచ్చాడు. అతను రెండు తీగలు కట్టిన చిన్న బల్బు నా నెత్తికి తగిలించాడు. బల్బు వెలిగింది.

"కరెంటు వొస్తంది" అన్నాడు.

మమ్మల్ని నలుగురినీ ఊడదీసి ఒక్కొక్కరినే తిన్నగా బ్యాటరీకి తగిలించాడు. నలుగురం ఎర్రగా కాలాం.

"ప్లగ్గులు బంగారంలాగున్నాయి నాయుడుగారూ. ఈటిది తప్పు కాదు."

అతను చూసింది అబద్ధం కాదు. చిన్న బల్బుకి గుక్కెడు కరెంటు చాలు, మా నలుగురికీ కడివెడు కావాలి. నా నెత్తిన నట్టు కింద, పసుపు కుంకుమల అడుగున, పచ్చటి చిలుము పేరుకుని ఉంది. దానిలోంచి గుక్కెడే దిగుతోంది. బల్బు ఆ గుక్కెడు తాగి తృప్తిగా వెలిగింది. మేం నలుగురం ఆ గుక్కెడే పంచుకుని గోరువెచ్చగా మిగిలాం. ఆ పచ్చదనాన్ని పెంటారావు ఎండిన పూజ పసుపే అనుకున్నాడు. పూజ చేసిన చోట గీకడమెందుకని దాన్ని ముట్టకుండా, మమ్మల్ని తిరిగి పెట్టి నట్టు గట్టిగా బిగించాడు. ఆ బిగింపుకి చిలుము కాస్త పగిలి, దారి కాస్త తెరుచుకుంది. మర్నాటినుంచి ఇంజన్ బాగా లేచింది. అందరూ సంతోషించారు.

శుక్రవారం వచ్చింది. నాకు అభిషేకం జరిగింది. శనివారం పొద్దున్నే దగ్గు మళ్లీ మొదలు.

"అయితే డీజిలు పంపు ఇప్పాల, బండి కిందకి తెండి" అన్నాడు పెంటారావు ఫోన్‌లో.

నాయుడుగారు పంపు విప్పించలేదు. ఆయన ఆలోచించడం మొదలుపెట్టారు. గురువారం దాకా బాగున్న బండి శనివారానికి చెడుతోంది. అంటే మధ్యలో శుక్రవారమే ఏదో జరుగుతోంది. ఇంతవరకూ ఆయన ఆలోచన సూదిలా తిన్నగానే నడిచింది. శుక్రవారం పొద్దున్న ఏం జరుగుతోంది? తను చేసే పూజ. దాన్ని పక్కన పెట్టేశారు. పూజవల్ల చెడు జరుగుతుందా? కనక తప్పు సాయంత్రానిదే అయ్యుండాలి. ఆ పక్కన పెట్టిన చోటే ఉంది అంతా.

శనివారం పొద్దున్న బండి అద్దె బండ్ల స్టాండులో ఉండగా ఆయన వచ్చి వెనక తలుపు తీశారు. వాసన చూశారు. సీటు మడతలో వేలుపెట్టి ఎండిన నెత్తల్లి ఒకటి బయటికి తీశారు. టీ కొట్టు ముందు నెగడు చుట్టూ కూచున్న డ్రైవర్లందరూ చూస్తున్నారు.

"ఏట్రా ఇది?"

"నెత్తల్లి బాబూ" అన్నాడు దాసు.

"నెత్తల్లని నాకు తెల్దేట్రా? శుక్రారం పూజ సేసిన బండిలోకి ఎలగొచ్చిందంట?"

"సిన్నాలమ్మ గంపలోది పడుంటాది. ముసిల్ది, కొండ నడిసి ఎక్కలేదు కదా బాబూ."

"అందుకే నా బండి లెగట్లేదు! నేను పొద్దున్నే మడి కట్టుకుని పూజ సేత్తే, నువ్వు సాయంత్రానికి మైల సేసి పెడతన్నావు."

దాసు నవ్వేశాడు. అక్కడే వచ్చింది చిక్కు. అతను ఎగతాళికి నవ్వలేదు, నిజంగా నవ్వొచ్చి నవ్వాడు. "అమ్మోరి జాతరకి కోళ్లు కోత్తాం కదా బాబూ. ఆ తల్లికి లేని మైల ఇంజన్నుకొచ్చిందేటి?"

నెగడు దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. నాయుడుగారి మొహం ఎర్రబడింది. నేను ఎర్రబడాల్సిన పూట ఆయన ఎర్రబడ్డారు.

"తాళం ఇలగియ్యి. నీ సెయ్యి పడితే నా బండి లెగదు. లెగదంతే."

దాసు తాళం ఇచ్చాడు. తన తుండుగుడ్డ తీసుకుని, మంచులోకి నడిచి వెళ్లిపోయాడు. నా నెత్తి మీద నిన్నటి బొట్టు ఇంకా చెక్కు చెదరలేదు.

కోపంలో అన్న మాట అన్న మనిషి దగ్గర ఆగిపోతే బాగుండును. ఇది ఆగలేదు. ఆ స్టాండులో అందరివీ చలికి మొరాయించే బండ్లే. తాళం తిప్పే చెయ్యి మంచిదవ్వాలని అందరికీ లోలోపల భయమే. ఒక బండి యజమాని దాసుని పనికి పెట్టుకుందామనుకుంటే, "నాయుడుగారి బండిని లెగనివ్వనోడు కదా" అన్నారెవరో. ఇంకొకతను చూద్దాం అన్నాడు, చూడలేదు. కొండ మీద ఒక్క బండి కూడా దాసు చేతికి రాలేదు. అతనికి తెలిసిన పని ఒక్కటే, ఆ పని చేసే చెయ్యికే పేరు చెడిపోయింది. కాఫీ తోటల్లో గింజలు ఆరబోసే కూలికి వెళ్తున్నాడని స్టాండులో అనుకుంటుంటే విన్నాను. చిన్నాలమ్మ ఘాటీ రోడ్డు పక్కన గంప నెత్తిన పెట్టుకుని నడుస్తూ, బండి వెళ్తుంటే ఇటు చూసి మొహం తిప్పుకోవడమూ చూశాను.

బండి నాయుడుగారే నడపసాగారు. ఎండుచేపలు లేవు. సీట్లు కడిగించారు, సాంబ్రాణి వేయించారు. చాలదని మంగళవారం కూడా పూజ పెట్టారు. కొబ్బరినీళ్లు ఇంకాస్త ఎక్కువ పోశారు. చిలుముకి అంతకంటే ఏం కావాలి? పుష్యమాసంలో ఒక పొద్దున పసుపు దీపం ఎన్నిసార్లు వెలిగించి ఆర్పినా ఇంజన్ అసలు లేవలేదు. కనీసం దగ్గలేదు కూడా. ఆయన స్టీరింగు మీద తల వాల్చి కూచున్నారు.

అచ్చియ్యమ్మగారు ఇంట్లోంచి వచ్చి పక్కన నిలబడ్డారు.

"దాసు లేడు, సేపలూ లేవు" అన్నారావిడ నెమ్మదిగా. "ఇప్పుడెవుళ్ని తీసేద్దారండీ?"

ఆయన తల ఎత్తారు. దిగి బానెట్ ఎత్తారు. ఆవిడ కూడా తొంగిచూశారు. అన్నాళ్లలో ఆవిడ నన్ను అంత దగ్గరగా చూడడం అదే మొదటిసారి. పూజ పళ్లెం అందించి వెనక్కి వెళ్లిపోవడమే ఆవిడ పని.

"ఇదేటండీ, మన పంచపాత్రకి పట్టినట్టు?"

"ఏది?"

"ఇదిగో, మీ శివలింగానికి. తీర్థం గిన్నెలో ఒగ్గేసి తొంగుంటే తెల్లారికి ఇదే కదా పడతాది. చిలుము."

నాయుడుగారు వేలితో నా నెత్తిని గీకారు. కుంకుమ పొడిగా రాలింది. దాని కింద పచ్చటి పొడి ఆయన గోటికి అంటింది. చాలాసేపు ఆ గోటినే చూసుకున్నారు.

"నేను పెట్టిందేనా ఇది?"

"నాను పెట్నేదు మరి" అన్నారావిడ.

పెంటారావుకి ఫోన్ చేశారు. అతను "అయ్యయ్యో, పసుపనుకున్నానండీ, గీకి సూడనేదు" అని, ఎలా విప్పాలో చెప్పాడు. బ్యాటరీ తీగ తీసేసి ఆయన నా నెత్తి మీది నట్టుకి స్పానర్ వేశారు. నట్టు కదల్లేదు. గట్టిగా లాగారు. నట్టుతోపాటు నా మెడ కూడా తెగి వచ్చేసింది. చిలుము లోపలిదాకా తినేసింది మరి. నాకు నొప్పి తెలియలేదు. ఆ స్థితిలో నొప్పి ఉంటే బాగుండుననిపించింది.

ఇప్పుడు కొత్త ప్లగ్ కావాలి. నర్సీపట్నం దాకా ఎలా వెళ్లడం? ఏమైనా ఉందేమోనని ఆయన బండి ముందు అర తెరిచి వెతికారు. గుడ్డలో చుట్టి ఒక కొత్త హీటర్ ప్లగ్ ఉంది. గుడ్డ దాసు తుండుగుడ్డలోంచి చింపిన ముక్క. బండి ఎప్పుడైనా దారిలో మొండికేస్తే పనికొస్తుందని, తన చేతి డబ్బుతో అతను కొని దాచినది. ఎవరికీ చెప్పలేదు.

నాయుడుగారు ఆ గుడ్డ పట్టుకుని బండి మెట్టు మీద కూచుండిపోయారు. అచ్చియ్యమ్మగారు చింతపండు తెచ్చి రాగి పట్టీని, తీగ కొసని పంచపాత్రలు తోమినట్టే తోమి, కడిగి, కొంగుతో తడి లేకుండా తుడిచారు. నాయుడుగారు నా మొండెం ఊడదీసి, ఆ చోట కొత్తదాన్ని బిగించారు. మర్నాడు పొద్దున మంచు ఇంకా దట్టంగా ఉండగానే తాళం తిప్పారు. దీపం వెలిగింది, ఆరింది. ఇంజన్ ఒక్క ఊపున లేచింది. పొగ లేదు, వణుకు లేదు. అంత నున్నటి చప్పుడు వింటూ మనిషి మొహం అంతలా వాడిపోవడం నేనెక్కడా చూడలేదు.

నన్ను ఎక్కడా పారెయ్యలేదు. చొక్కా జేబులో వేసుకున్నారు. ఆ జేబులోంచే ఆయన గుండె కొట్టుకోవడం వింటూ దాసు దగ్గరికి వెళ్లాను.

దాసు తోటలో కాఫీ గింజలు కాళ్లతో తిరగేస్తున్నాడు. తల ఎత్తాడు కాని ఆగలేదు.

"బండి బాగైపోనాదిరా" అన్నారు నాయుడుగారు.

"మంచిదే బాబూ."

"తప్పు నాదేరా. నా పూజే దానికి చిలుము పట్టించింది. నీదేం లేదు."

"అది నాకు తెలుసు కదా బాబూ." దాసు కాళ్లు ఆపాడు. "నాతో సెప్తే ఏటి లాభం? తెలీనోళ్లకి సెప్పాల. మీరెక్కడన్నారో అక్కడ."

ఆ మాట అని మళ్లీ గింజలు తిరగెయ్యడం మొదలుపెట్టాడు.

ఆ శుక్రవారం పొద్దున నాయుడుగారు పూజ పళ్లెం పట్టుకుని బండి దగ్గరికి వెళ్లలేదు. నన్ను జేబులో వేసుకుని, రాత్రి బండిని ఆపి ఉంచిన స్టాండుకి నడిచారు. టీ కొట్టు ముందు నెగడు, చుట్టూ అవే దుప్పట్లు, అవే మొహాలు. సంతకి పోతూ చిన్నాలమ్మ గంప దించి చేతులు కాచుకుంటోంది. దూరంగా కరెంటు స్తంభానికి ఆనుకుని దాసు. వస్తాడని ఆయన అనుకోలేదు.

ఆయన గొంతు సవరించుకున్నారు. "సలి ఎక్కువున్నాది" అన్నారు. ఎవరో అవునన్నారు. టీ చెప్పారు. టీ వచ్చింది, తాగలేదు. మళ్లీ గొంతు సవరించుకున్నారు. నోట్లోంచి తెల్లటి ఆవిరి వచ్చింది, మాట రాలేదు. మూడోసారి ఏదో మొదలుపెట్టి దగ్గు తెరలో ఆపేశారు. నాకు అర్థమైంది. ఇది నాకు బాగా తెలిసిన జబ్బే. లోపల వేడి చాలక మొదటి మాట అంటుకోవడం లేదు. ఏ పెంటారావూ వచ్చి చూడలేని చోట ఆయనకి చిలుము పట్టి ఉంది.

ఆయన చెయ్యి జేబులోకి వచ్చి నన్ను గట్టిగా పట్టుకుంది. పుట్టినప్పటినుంచీ నేను ఇంకొకదాన్ని వేడెక్కించడానికే ఉన్నాను. ఒక మనిషి అరచెయ్యి నన్ను వేడెక్కించడం అదే మొదలు, అదే ఆఖరు.

"ఇది నా బండి హీటర్ ప్లగ్గు" అని నన్ను బయటికి తీసి అందరికీ చూపించారు. "ప్రతి శుక్రారం దీని నెత్తిన కొబ్బరినీళ్లు పోసింది నేనే. అవే దీన్ని తినేసాయి. దాసు సెయ్యి వల్ల బండి లెగడం లేదని ఇక్కడే నిలబడి అన్నాను. అది తప్పు మాట. ఆడి సెయ్యి మంచిది. నా సెయ్యే..."

అక్కడ ఆగిపోయారు. నెగడు చిటపటలాడింది.

"అయితే ఈ వారం బొట్టు ఎవుళ్లకెడతారు నాయుడుగారూ?" అన్నాడొక డ్రైవరు. అందరూ నవ్వారు. ఆయన తలొంచుకుని ఆ నవ్వు అయ్యేదాకా నిలబడ్డారు.

"సచ్చి ఎండిపోయిన నెత్తళ్లు నీ ఇంజన్నునేటి సేత్తాయి బాబూ?" అంది చిన్నాలమ్మ.

"ఏటీ సెయ్యనేదమ్మా."

దాసు స్తంభం దగ్గర్నుంచి వచ్చాడు. చెయ్యి చాపాడు. నాయుడుగారు తాళం పెట్టారు. దాసు ముందు బానెట్ ఎత్తి చూశాడు.

"ఇది నాను దాసిందే కదా?"

"అవున్రా."

దాసు లోపలికెక్కి తాళం సగం తిప్పి, చేతులు చంకల్లో పెట్టుకుని కూచున్నాడు. దీపం ఆరింది. స్టాండంతా వింటుండగా ఇంజన్ లేచింది. అతని చేతికి పట్టిన చెడ్డపేరు ఆ ఒక్క చప్పుడులో పోయింది.

నాయుడుగారు వెళ్లి వెనక తలుపు తీశారు. "సాయంత్రం దాసుతో ఎక్కెల్లమ్మా" అన్నారు చిన్నాలమ్మతో.

"ఒద్దు బాబూ. నడక అలవాటైపోనాది" అని ఆవిడ గంప నెత్తికెత్తుకుంది.

ఇప్పుడు నేను నాయుడుగారి దేవుడి గదిలో, పంచపాత్ర పక్కన ఉంటున్నాను. అచ్చియ్యమ్మగారు వారం వారం గిన్నెలతోపాటు నన్ను కూడా చింతపండుతో తోముతారు. నా ఒళ్లు తళతళలాడుతోంది, మెడ మాత్రం లేదు. నాకు ఎవరూ బొట్టు పెట్టరు. పెట్టకపోతేనే నాకు హాయిగా ఉంది. దేవుడికి తెలియదా, ఈ నీళ్లు నెత్తిన పోస్తే లోపల ఏమవుతుందో అని నాయుడుగారు ఒకరోజు దీపం ముందు పైకే అడిగారు. జవాబు కోసం కాసేపు చూశారు. నేనూ చూశాను. అడగాల్సింది దేవుణ్ణి కాదేమో అన్నట్టు ఆయనే తల దించుకున్నారు. శుక్రవారం బొట్టు మాత్రం మానలేదు. రేకు మీద బయటే పెడుతున్నారట, పెట్టేముందు దాసు మొహం ఒకసారి చూస్తున్నారట.

ప్రతి శుక్రవారం సాయంత్రం బండి తిరిగొచ్చిన చప్పుడు వినగానే ఆయన వాకిట్లోకి వెళ్లేవారు.

"ఎక్కిందా?"

"నేదు బాబూ. నడుస్తానంది."

ఆ మాట విని వచ్చి దీపం వెలిగించేవారు. వత్తి అంటుకోవడానికి ఆ రోజుల్లో ఎందుకో ఆలస్యమయ్యేది. ఘాటీ మలుపుల్లో ముసలావిడ అడుగులు ఆయన చెవిలో పడుతున్నట్టే ఉండేవి.

చలి తగ్గుముఖం పట్టాక ఒక శుక్రవారం ఆయన అదే ప్రశ్న అడిగారు. దాసు వెనక తలుపు తీసిన చప్పుడు వినబడింది.

"ఎక్కింది బాబూ. దారి పొడుగునా తిట్టింది."

"ఎవుళ్ని?"

"మిమ్మల్నే."

నాయుడుగారు బండిలోకి వంగి, సీటు మీద అరచెయ్యి ఆనించి, హారతి కళ్లకద్దుకున్నట్టు ఆ చెయ్యి మొహం దగ్గరికి తెచ్చుకున్నారని, ఆ తరవాత అచ్చియ్యమ్మగారితో దాసు చెబుతుంటే విన్నాను. ఆయన దేవుడి గది గడప దగ్గర ఆగారు. చెయ్యి కడుక్కోవాలా వద్దా అని ఒక్క క్షణం తటపటాయించారు. కడుక్కోకుండానే లోపలికి వచ్చి అగ్గిపుల్ల గీశారు.

ఎండు నెత్తళ్ల వాసన గదంతా నిండింది. దేవుళ్లెవరూ ముక్కు మూసుకోలేదు.